ఖాళీ ఉయ్యాల కచేరీ

ఈరక్క నోట ‘లేదు, కాదు’ అన్న మాట ఇరవై రెండేళ్లలో నేను ఒక్కసారి కూడా వినలేదు. నా బాధంతా అదే. కాదన్న మనిషితో వాదించొచ్చు. ఈమె ఏం చెప్పినా “అట్లే కానీ టీచరమ్మా” అంటుంది, పోయి తనకు తోచిందే చేస్తుంది.

మా స్కూల్లో ఆయాగా ఉన్నప్పుడు ఇన్‌స్పెక్షన్ వచ్చింది. నేను చెప్పేదాకా బెల్లు కొట్టొద్దన్నాను. “అట్లే కానీ” అంది. ఎండకు పిల్లలు వాడిపోతున్నారని అరగంట ముందే గణగణా వాయించేసింది. పిల్లలు తుర్రుమన్నారు. ఇన్‌స్పెక్టరు గారు చాక్‌పీసు పట్టుకుని ఖాళీ బెంచీలకు క.సా.గు. చెబుతూ నిలబడ్డారు. తిట్లు ఎవరు తిన్నారనుకున్నారు? నేనే!

అయినా నాకు బుద్ధి రాలేదు. నేను రిటైరైన ఏడాది, అంటే 2006లో, నా పాత విద్యార్థిని సుందరలక్ష్మి కల్లూరులో వాళ్ల నాపరాళ్ల గోడౌనుకు సున్నం కొట్టించి, ఆడవాళ్లు వేసిన బొమ్మలు పెట్టడానికి గ్యాలరీ తెరిచింది. నన్ను సెక్రటరీ చేసింది. పని లేని టీచరు దొరికితే ఎవరు వదులుతారు? తాళాలు చూసుకోవడానికి నేను ఈరక్కను పిలిపించాను. కోరి తెచ్చుకున్నాను, ఎవరినంటాను?

నిజం చెప్పాలంటే పని బాగానే చేసేది. ఒక్కో బొమ్మకూ అర్థం వివరిస్తూ నేను నాలుగు పేజీలు రాసి గోడకు అంటించాను. ఒక్కరూ చదవలేదు. అందరూ ఈరక్కనే అడిగేవాళ్లు.

“ఇదేం బొమ్మ ఈరక్కా?”

“కనపడినకాడికి చూడు. అర్థమైతే ఇంటికి పోయి మీ ఆయనకు చెప్పు. కాకుంటే ఆ కుండలో చల్లనీళ్లు ఉండాయి, తాగి పో.”

అట్లా ఉండగా తనూజ వచ్చింది. రాయచోటి పిల్ల, బెంగుళూరులో చదివింది. కచేరీ చేస్తానంది. వీణా లేదు, పాటా లేదు. ఇంట్లో వస్తువులకు మైకులు కట్టి, రికార్డింగు మిషన్ పెట్టి వాటి చప్పుళ్లు వినిపిస్తుందట. చివర్లో పాత కొయ్య ఉయ్యాల ఒకటి కావాలంది. ఈరక్క మురిసిపోయి తన ఇంట్లోదే షేర్ ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.

“మా కొడుకు ఉరుకుందప్ప దీంట్లోనే పెరిగినాడు. తొట్టెలకు పూలదండ ఏస్తావామ్మా?” అని అడిగింది. తనూజ నవ్వింది.

ఉయ్యాలను ఇనుప కొక్కేనికి గొలుసులతో వేలాడదీసి, ఊపడానికి తాడు కట్టారు. సాయంత్రం నాలుగింటికి కచేరీ. పొద్దున రిహార్సలు.

“ఈరక్కా, నేను మిషన్ కాడ ఉంటాను. నువ్వు ఊపల్ల,” అంది తనూజ.

“బిడ్డ యాడమ్మా?”

“బిడ్డ లేదు. ఖాళీగానే ఊపల్ల. ఆ కీచుమనే సద్దే నాకు కావాల్సింది.”

ఈరక్క చెయ్యి తాడు మీదే ఆగిపోయింది.

ఖాళీ ఉయ్యాల ఊపితే బిడ్డకు కీడని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. పైగా ఈరక్క కోడలు తిరుపతమ్మకు అప్పుడు ఎనిమిదో నెల. అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. ఈ ఉయ్యాల ఆ పుట్టబోయే బిడ్డదే. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ఏమన్నాను? ముప్పై ఏళ్లు మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాయించిన నోరు కదా! “అవన్నీ పాత మాటలు ఈరక్కా, ఊపు,” అన్నాను.

ఆమె నా వైపు ఒకసారి చూసింది. “అట్లే కానీ టీచరమ్మా,” అంది.

అప్పుడైనా నాకు అనుమానం రావద్దూ? రాలేదు. మధ్యాహ్నం మా ఇంట్లో ఉన్న టీ ఫ్లాస్కు తెమ్మని తాళంచెవి కూడా ఇచ్చి పంపాను.

నలభై కుర్చీలు వేస్తే ఇరవై మంది వచ్చారు. మొదటి వరసలో మహిళా మండలి ప్రేమమ్మ. జల్లెడ చప్పుడైంది, చీపురు చప్పుడైంది.

“పాట ఎప్పుడు మొదలైతాది టీచరమ్మా?” అంది ప్రేమమ్మ.

“ఇదే పాట.”

“ఇదా? మా బోరు మోటరు గూడా ఇట్లే పాడతాది. రోజూ వింటానే ఉండాను!”

వెనకంతా కిసకిసలు. నాకు ఒళ్లు మండిపోయింది.

చివరికి ఉయ్యాల వంతు. ఈరక్క తాడు లాగింది. కీచుమనాల్సిన గొలుసు ‘కుర్ర్... కుర్ర్...’ అని ముసలి ఎనుము నిట్టూర్చినట్టు మూలిగింది. తనూజ మిషన్ వదిలేసి వచ్చి పైన కప్పిన గుడ్డ ఎత్తి చూసింది. లోపల పసుపు పూసుకుని, కుంకుమ పెట్టుకుని, నెత్తిన పసిపిల్లల టోపీతో ఒక గుండ్రాయి పడుకుని ఉంది.

నేను పచ్చడి నూరుకునే గుండ్రాయి!

“ఖాళీగా ఊపల్ల అని చెప్పినా గదా ఈరక్కా!” అంది తనూజ.

“చెప్పినావు తల్లీ, నేనూ ఇన్నాను. మాకు రెండుసార్లు తొట్టెల కట్టే యోగం రాల్యా. రాయి తీసెయ్యల్లంటే తియ్యి. తొట్టెల నెత్తిన పెట్టుకోని ఇంటికి పోతాను.”

తనూజ రాయి మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడింది. తియ్యలేదు.

ఇంతలో ప్రేమమ్మ లేచింది. కీడంతా రాయికే పోవాలని బిడ్డ కంటే ముందు ఉయ్యాల్లో గుండ్రాయిని వేసి ఊపడం, దాన్ని ఉయ్యాల మీదుగా ఇచ్చి బిడ్డను అడగడం మా దగ్గర తొట్టెల పండగ ఆచారం. “ఏందే, రాయికి పేరు పెట్టకుండానే ఊపుతాండారు? జరుగు!” అంటూ ఉయ్యాలకు అటువైపు నిలబడింది. ఇరవై మందీ చుట్టూ మూగారు.

“రాయి తీసుకో!”

“బిడ్డనియ్యి!”

“గట్టిగా అడగండే, మీ గొంతులకేమైంది!”

ఉయ్యాల మీదుగా నా గుండ్రాయి చేతులు మారుతోంది. తనూజ తన మిషన్ దగ్గరికి పరిగెత్తింది, ఆపడానికి కాదు. సెక్రటరీగా నా బాధ్యత నాకుంటుంది కదా, క్లాసులో అరిచినట్టే అరిచాను. ఎవరు వింటారు! ఆ రికార్డింగులో ఇప్పటికీ అందరికంటే స్పష్టంగా వినిపించేది “సైలెన్స్! సైలెన్స్!” అన్న నా గొంతేనట.

రెండు నెలలకు తనూజ ఫోన్ చేసింది. బెంగుళూరు వాళ్లకు అది తెగ నచ్చిందట. అక్కడి ప్రదర్శనకు ఆ ఉయ్యాలే కావాలట. తిట్టుకుంటూ ఈరక్క ఇంటికి పోయాను. ఉయ్యాల్లో తిరుపతమ్మ కూతురు, ఇరవై రోజుల పిల్ల, పిడికిళ్లు బిగించి నిద్రపోతోంది. కింద నా గుండ్రాయి, ఇంకా కుంకుమబొట్టుతోనే.

విషయం చెప్పాను. ఎప్పటి మాటే అంటుందనుకున్నాను.

“తొట్టెల ఖాళీ లేదని చెప్పు టీచరమ్మా,” అంది.

ఇరవై రెండేళ్లకు మొదటిసారి ‘లేదు’ అంది! మిక్సీలో వేసిన పచ్చడి తిని తిని నోరు చచ్చిపోయి ఉంది, కనీసం ఆ పని చూసుకుందామని, “సరే, మరి నా గుండ్రాయన్నా రేపు తెచ్చియ్యి ఈరక్కా,” అన్నాను.

“అట్లే కానీ టీచరమ్మా,” అంది.