టీ రాయి పక్కన ఇనుప కడియం

హెస్టర్ గ్రిమ్లీ ఎడమచేతికి మూడు వేళ్ళే మిగిలాయి. తక్కిన రెండింటినీ రూపర్ట్ వైన్‌కోట్ తీసుకున్నాడని ఆమె వాదన. ఆమె తన అజాగ్రత్త వల్ల వాటిని తానే పోగొట్టుకున్నదని ఆయన న్యాయవాది వాదన. వాదనలు రెండు, వాస్తవం ఒకటి. మార్చి నెల పదకొండో తేదీ ఉదయం ఏడు గంటలకు పడవను గట్టుకు కట్టిన మోకులు రెండూ తెగాయి. రెండింటి కోతా కత్తి కోతే. వాన నీటితో ఉరకలేస్తున్న కాలువ పద్దెనిమిది టన్నుల పడవను నీళ్ళు పొర్లిపడే కలుజు వైపు ఈడ్చుకుపోయింది. హెస్టర్ మోకు పట్టుకుని గట్టు మీదికి దూకింది. గోడలోని ఇనుప కడియానికి మోకు చుట్టబోతుండగా, పడవ బరువంతా ఆ చుట్టు మీద పడి, కడియానికీ మోకుకూ నడుమ ఉన్న ఆ రెండు వేళ్ళు చితికిపోయాయి. పడవ ఆగింది. వేళ్ళు నీళ్ళలో పడ్డాయి.

ఆ కడియం ఎవరిదన్నదే తగువంతా.

హెస్టర్ బొగ్గు పడవలో పుట్టింది. ఏడడుగుల వెడల్పు లేని గదిలో తండ్రి, తల్లి, నలుగురు పిల్లలు. బడికి వెళ్ళింది మొత్తం మీద ఏడు నెలలు, అదీ తొమ్మిది ఊళ్ళలో. తండ్రి నేర్పిన చదువు మాత్రం పోలేదు. లాకులో పడవ వెనుకభాగం ఎక్కడుండాలో, తూము ఎంత ఎత్తాలో, పొగమంచులో ఏ మలుపు దగ్గర కొమ్ము ఊదాలో ఆమెకు తెలుసు. అన్నిటికన్నా మొదట నేర్పింది మోకు కట్టడం. "మూరెడు వదులు పెట్టు పిల్లా. నీళ్ళు మనకు చెప్పి దిగవు" అనేవాడాయన. అరవై రెండేళ్ళు వచ్చినా మోకు ముడి వేశాక మోచేతి నుంచి వేలికొసదాకా ఒకసారి కొలిచి చూసుకునేది.

ఆమె బతుకు పేషెన్స్ అనే ఆ పడవే. హార్కమ్ కాలువ పొడవునా పడవల్లో కాపురాలు చేసేవాళ్ళకు బొగ్గు, గ్యాస్ బండలు, డీజిల్ అమ్ముతుంది. సొంత రేవు లేని పడవ పద్నాలుగు రోజులకు మించి ఒకచోట ఉండకూడదని నిబంధన. హెస్టర్ పదమూడో రోజునే కదిలేది. అయితే బొగ్గు లారీ గట్టుదాకా రాగలిగిన చోటు ఇరవై మైళ్ళలో ఒక్కటే: స్టెల్లింగ్ ఊరి పాత నూలు మిల్లు ముందున్న గట్టు గోడ. ఆ గోడకు కడియం, కడియం పక్కన, గోడకు గజం వెనగ్గా, ఒక రాయి. ఆ కడియం పోతే లారీ లేదు. లారీ లేకపోతే బొగ్గు లేదు. బొగ్గు లేకపోతే హెస్టర్ లేదు.

రాయిని పడవవాళ్ళు టీ రాయి అంటారు. మోకాలెత్తు ఉంటుంది, తల చదును. ఒక పక్క కాలువ కంపెనీ గుర్తుగా రెండక్షరాలు చెక్కి ఉంటాయి. మూడు తరాల వాళ్ళు దాని మీద వేడి కెటిల్ దించారు. అది హద్దురాయన్న సంగతి ఎవరికీ పట్టలేదు, ఒక్క వైన్‌కోట్‌కు తప్ప. మిల్లును కొని ఇల్లుగా మార్చుకున్న మూడో నెలలో, ఆమె వేళ్ళు పోకముందే, ఆయన నోటీసు పంపాడు: గోడ నాది, కడియం నాది, కట్టిన ప్రతి పడవా ఆక్రమణే.

హెస్టర్ నోటీసును పక్క పడవ క్లెమ్ చేత చదివించుకుంది. క్లెమ్‌కు డెబ్బై ఎనిమిది. నోట్లో పళ్ళకంటే బూతులు ఎక్కువ.

"ఏం రాశాడు?"

"నువ్వు కంటికింపుగా లేవంట."

"అది నాకు తెలుసు ముసలోడా. ఇంకేం రాశాడు?"

"నీ బొగ్గు దుమ్ము ఆయన కిటికీల మీద పడుతోందంట. గోడ దగ్గర కనబడితే కోర్టుకీడుస్తాడంట."

ఆమె నేరుగా మిల్లు గుమ్మానికి వెళ్ళింది. "దొరగారూ, మీ స్థలం టీ రాయిదాకానే. గోడ కాలువది. రాయి చూసుకోండి."

వైన్‌కోట్ నవ్వాడు. "ఏ రాయమ్మా? నాకే రాయీ కనిపించట్లేదే."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. కడియం పక్కన రాయి లేదు. అది ఉన్నచోట కొత్త కంకర పరిచి ఉంది.

ఆ తర్వాత ఆమె అడిగిన ప్రతి కార్యాలయమూ మర్యాదగానే జవాబిచ్చింది. పాత పటంలో హద్దు గీత ఉంది; ఆ గీత మందమే నేల మీద రెండు గజాలు. గోడ ఆ మందంలో ఎక్కడో ఉంది. రాయి ఉంటే గీత ఎక్కడిదో తేలుతుంది, రాయి లేకపోతే తేలదు. నోటిమాట సాక్ష్యం బలహీనమట. అక్షరం రాని మనిషి జ్ఞాపకం మరీ బలహీనమట. దస్తావేజు లేనివాడి హక్కును ఈ దేశంలో ఇలాగే చంపుతారు, మర్యాదగా, సంతకం పెట్టి.

ఏప్రిల్‌లో ఆమె మోకులు కట్టడానికి గట్టున దిగ్గొట్టిన ఇనుప మేకులు ఆరూ మాయమయ్యాయి. మేలో గోడ మీది నుంచి ఎవరో పడవ కప్పు మీద ఇటుకలు వేశారు; ఒకటి క్లెమ్ భుజం ఎముక విరిచింది. జూన్‌లో వైన్‌కోట్ తోటమాలి గరేత్ హెస్టర్‌ను పడవ తోసే గడతో పక్కటెముకల్లో పొడిచాడు. ఆమె ఆ గడ లాక్కుని వాడి మూతి పగలగొట్టింది. పోలీసులు వచ్చి మూతి దెబ్బను నమోదు చేసుకున్నారు. పక్కటెముకలకు వైద్యుడి పత్రం లేదన్నారు.

అక్టోబరులో బొగ్గు దించుకోవడానికి మళ్ళీ గోడ దగ్గరికి వచ్చినప్పుడు ఆమె దగ్గర మోకు లేదు. బొటనవేలంత లావు గొలుసు తెచ్చింది. కడియంలోంచి దూర్చి, పడవ కొక్కేనికి బిగించి, తాళం వేసింది.

క్లెమ్ విరిగిన భుజం పట్టుకుని వచ్చి చూశాడు. "వదులేదీ?"

"వదులుంటే వాడు కడ్డీ దూర్చి మెలితిప్పుతాడు."

"మీ నాన్న చూస్తే చెంప పగలగొట్టేవాడు."

"నాన్నకు పదివేళ్ళుండేవి. వాడికి అంగుళం కూడా వదలను క్లెమ్. ఒక్క అంగుళం."

"నువ్వు వాడికి కాదు వదలాల్సింది, నీళ్ళకి" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

మూడో రోజు పొద్దున్నే హెస్టర్ పొయ్యి మీద కెటిల్ పెట్టింది. కెటిల్ మెల్లగా జరగడం మొదలుపెట్టింది. మొదట తన కళ్ళే తప్పనుకుంది. అంతలో గూటిలోని పళ్ళేలు దబదబా రాలాయి. నేల ఏటవాలైంది. మరుగుతున్న నీళ్ళు ఆమె తొడ మీద ఒలికాయి. పొయ్యి తలుపు తెరుచుకుని నిప్పులు చాప మీద పడ్డాయి.

ఆమెకు క్షణంలో అర్థమైంది. కింది లాకు తూములు ఎవరో ఎత్తేశారు. కాలువ ఖాళీ అవుతోంది. నీళ్ళతోపాటు దిగాల్సిన పడవ గోడవైపు గొలుసుకు వేలాడుతూ, అవతలివైపు ఒరిగిపోతోంది.

తాళంచెవి మేకుకు వేలాడుతోంది, నీళ్ళలో పడ్డా తేలాలని కట్టిన బెండుతో సహా. దాన్ని పట్టుకుని, కాలిన కాలితో పాకుతూ బయటికి వచ్చింది. చెవి తాళంలో దూరింది. తిరగలేదు. పద్దెనిమిది టన్నులు ఆ గొలుసును లాగుతున్నాయి. మోకైతే ఒక్క కత్తివేటు చాలేది. ఆమె మూడువేళ్ళ చేత్తో తిప్పింది, రెండు చేతులతో తిప్పింది, పళ్ళతో కొరికింది. చెవి విరిగింది. అవతలివైపు గాలి రంధ్రాలు నీళ్ళలోకి దిగాయి. తండ్రి గంట, తల్లి అల్లిన తెర, నాలుగు టన్నుల బొగ్గు, అన్నీ ఒక్క మూలుగుతో కిందికి వెళ్ళాయి. ఆమె గోడ మీదికి దూకింది.

యాభై అడుగుల అవతల లాకు తలుపు మీద వైన్‌కోట్ నిలబడి ఉన్నాడు. చేతిలో తూము ఎత్తే ఇనుప కడ్డీ. ఇంట్లో ఉండేవాడికి ఆ కడ్డీతో పనేమిటని ఏ న్యాయమూర్తీ తర్వాత అడగలేదు. హెస్టర్ నడుముకు కూడా అలాంటిదే ఒకటి వేలాడుతోంది. నలభై ఏళ్ళుగా అది లేకుండా ఆమె గట్టు మీద అడుగు పెట్టలేదు.

ఆమె పరుగెత్తలేదు. కాలు ఒప్పుకోలేదు.

"లోపల మనిషి ఉందని తెలీదా దొరగారూ?"

"నా గోడకు గొలుసు కట్టమని నీకెవరు చెప్పారు?" అన్నాడు వైన్‌కోట్. ఆయన కడ్డీ పైకెత్తాడు. "దూరంగా ఉండు. చెప్తున్నా, దూరంగా ఉండు."

ఆయనే ముందు కడ్డీ విసిరాడు. అది ఆమె చెవిని చీల్చుకుంటూ పోయింది. ఆమె మొదటి దెబ్బకు ఆయన మణికట్టు విరిగింది. రెండో దెబ్బ మోకాలి మీద. ఎండుకర్ర విరిగిన చప్పుడు. ఆయన తలుపు దుంగ మీద బోర్లా పడ్డాడు. హెస్టర్ ఆయన జుట్టు పట్టుకుని తల వెనక్కి వంచింది. మూడో దెబ్బకు కడ్డీ పైకెత్తింది. ఆ దెబ్బ ఎక్కడ పడాలో ఆమెకు స్పష్టంగా తెలుసు.

"హెస్టర్!"

కింద ఖాళీ అయిన కాలువలో, తొడలదాకా బురదలో, క్లెమ్. ఆమె పడవలోనే ఉండిపోయిందనుకుని దిగినట్టున్నాడు.

"హెస్టరూ! టీ రాయే! టీ రాయి ఇక్కడుందే!"

ఆమె చూసింది. గోడ అడుగున బురదలో ఆరు ఇనుప మేకులు, ముక్కలైన మోకులు. వాటి మధ్య, తలకిందులుగా, రెండక్షరాలు పైకి కనబడుతూ రాయి. ఆమెను ముంచడానికి నీళ్ళు వదిలినవాడు తాను ముంచినవన్నీ తనే బయటపెట్టుకున్నాడు.

ఆమె చేతిలో వైన్‌కోట్ జుట్టు ఇంకా ఉంది. ఆయనిప్పుడు చస్తే ఆ రాయి ఒక హత్య పక్కన దొరికిన రాయి అవుతుంది, అంతే. ఆమె కడ్డీ దించింది.

"దాన్ని ముట్టుకోకు ముసలోడా" అని అరిచింది. "ఎక్కడుందో అక్కడే ఉండనీ. ఫోటోలు తియ్యించు."

"నా సంగతేంటే? నడుందాకా దిగబడిపోయాను!"

"నువ్వూ అక్కడే ఉండు. సాక్ష్యం."

రాయి కింద గచ్చు ముక్క అంటుకుని ఉంది. కంకర ఎత్తి చూస్తే పునాదిలో దానికి సరిపోయే గుంట బయటపడింది. హద్దు తేలింది: గోడా, గోడ వెనక గజం నేలా కాలువవి. కడియం కాలువది. పడవవాళ్ళెవరైనా కట్టుకోవచ్చు.

శిక్షలు కూడా పడ్డాయి. లోపల మనిషి ఉన్న పడవను ముంచినందుకు వైన్‌కోట్‌కు పద్నాలుగు నెలలు. సమాజంలో ఆయనకున్న స్థానం, విరిగిన మోకాలు పరిగణించి శిక్ష అమలు నిలిపివేశారు. ఆ మోకాలు విరిచినందుకు హెస్టర్‌కు ఏడు నెలలు; ఆమె స్థానాన్ని ఎవరూ పరిగణించలేదు. ఏడు నెలలూ జైలులో గడిపింది. కాలిన తొడకు అక్కడే మచ్చ కట్టింది.

విడుదలైన రోజు క్లెమ్ తన పడవలో ఆమెను స్టెల్లింగ్‌కు తీసుకొచ్చాడు. టీ రాయిని తిరిగి నిలబెట్టారు, కొంచెం వంకరగా. గోడ అవతల మిల్లు కిటికీలో తెర కదిలింది.

క్లెమ్ కొత్త మోకు ఆమె చేతిలో పెట్టాడు. హెస్టర్ దాన్ని కడియంలోంచి దూర్చి ముడి వేసింది. ఎడమ మోచెయ్యి ఆనించి, వేలికొస కోసం చూసింది. అక్కడ వేలు లేదు. కుడిచెయ్యి ఆనించి మళ్ళీ కొలిచి, మూరెడు వదిలింది.