కళ్లు తెరవని అమ్మవారు పడిన చోటు

దెయ్యాలంటే నాకు భయం కాదు, విసుగు. ఎవరైనా ఆ మాట ఎత్తితే లేచి వెళ్లిపోయే రకాన్ని. అలాంటి నేనే ఇది రాస్తున్నాను, ఖర్మ!

మాది ఆళ్లగడ్డ. నాయన రాతి విగ్రహాలు చెక్కుతాడు. నేను నంద్యాలలో చదువుకుని సర్వే ఓడ మీద ఉద్యోగంలో చేరాను. సముద్రం అడుగున కొండ ఉంటే దాని ఆకర్షణకు పైన నీళ్లు కాస్త ఉబ్బుతాయి. ఆ ఉబ్బును ఉపగ్రహం కొలుస్తుంది. మేము ఓడలోని పరికరంతో ఆకర్షణనే కొలుస్తాం. రెండూ సరిచూసి పటం గీస్తాం.

పోయినేడు నాయన మలేషియాలోని ఒక గుడికి అమ్మవారిని చెక్కి పంపాడు. కళ్లు మాత్రం చెక్కలేదు. వాటిని ప్రతిష్ఠ రోజు గుడిలోనే తెరవాలి, అందుకు ఆయన వెళ్లాల్సి ఉంది. ఈలోగా తుఫానులో విగ్రహం ఉన్న పెట్టె సరుకుల ఓడ మీంచి బంగాళాఖాతంలో పడిపోయింది.

అంతే, నాయన మళ్లీ ఉలి పట్టలేదు. "కండ్లు తెరవని తల్లిరా. ఆ సీకట్లో ఎట్లుంటాదో ఏమో" అనేవాడు. అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోయేవాడు. నాకు భయమేసేది, కోపమూ వచ్చేది. "రాయి నాయనా అది" అని ఒకసారి అనేశాను కూడా.

కొన్నాళ్లకు మా ఓడ బంగాళాఖాతంలో ఉంది. పొద్దున పదకొండు గంటలు, అలలు కూడా పెద్దగా లేవు. ఆకర్షణ కొలిచే పరికరం గీత ఉన్నట్టుండి పైకి లేచింది. లోతు కొలిచే యంత్రం అడుగు చదునని చెబుతోంది. ఉపగ్రహం లెక్కలోనూ ఏమీ లేదు. ఇంకోసారి అడ్డంగా దాటి చూశాం. అదే చోట, అంతే లేచింది.

ఓడలో మా పైఅధికారి తప్పు లెక్క కింద కొట్టేయమన్నాడు. రెండుసార్లూ ఒకేలా వస్తే తప్పెలా అవుతుందని మనసు పీకింది. అయినా కొట్టేశాను. ఆ గీత, ఆ చోటు అంకెలు ఉన్న ప్రింటు ముక్క మాత్రం దాచుకున్నాను.

ఇంటికొస్తే గుడివాళ్ల ఉత్తరం ఉంది. ఇంగ్లీషులో ఉందని నాయన నాకోసం అట్టే పెట్టాడు. పెట్టె పడిన చోటు అక్షాంశ రేఖాంశాలు అందులో ఉన్నాయి. ప్రింటు పక్కన పెట్టి చూశాను. ఇంకోసారి అంకె అంకె సరిచూశాను. అదే చోటు!

అంత లోతున ఉన్న ఒక విగ్రహం మా పరికరాన్ని కోటో వంతు కూడా కదిలించే వీల్లేదు. ఇది నా చదువు, నా కూడు. నాకు తెలియనిది కాదు.

అయినా రెండూ నాయన ముందు పెట్టి చెప్పాను. ఆయన ఆ గీతను వేలితో తడిమాడు. "ఇంతగా లాగుతాందంటే, ఒక్కతే ఉండలేకపోతాందిరా" అని బావురుమన్నాడు. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదలు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "మీ పటంలో ఆయమ్మ జాగా ఉండాది గదా?" అన్నాడు.

"ఉండాది నాయనా" అన్నాను.

ఆ గీత ఎందుకు లేచిందో నాకు ఇప్పటికీ తెలియదు. పటంలో మాత్రం అక్కడ ఏమీ లేదు. నా చేత్తోనే చదును చేసేశాను.