ఒకటో నంబరు ఫొటో కోసం కోదాడ మీదుగా

సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు కోదాడ మీదుగా ఎవరూ వెళ్లరు. చుట్టుదారి, పైగా రెండు బస్సులు. నేను మాత్రం అలాగే వెళ్లాను. ఒక పెద్దావిడ నా కెమెరాకు ఫొటో దిగిందా లేదా తేలాలంటే ముందు కోదాడలో ఉన్న మెమరీ కార్డు చూడాలి.

నాది సూర్యాపేటలో చిన్న స్టూడియో. రెండు నెలల కింద మిర్యాలగూడలో భారతి అనే అంగన్‌వాడీ టీచర్ కూతురి శారీ ఫంక్షన్ తీశాను. మొన్న భారతి ఫోన్ చేసి, వాళ్లమ్మ చాందీబాయి పోయిందని, దినాలకు దండ వెయ్యడానికి ఫంక్షన్‌లో దిగిన ఫొటో పంపమని అడిగింది. నా కంప్యూటర్‌లో ఉన్నవన్నీ చూశాను. పెద్దావిడ ఎక్కడా లేదు.

"మీ అమ్మ దిగనట్టుంది భారతమ్మా" అన్నాను.

"మా యాడి దిగిన అని తండంత జెప్పుకున్నది అన్నా. అబద్ధమాడే మనిషి గాదామె" అని ఫోన్ పెట్టేసింది. యాడి అంటే లంబాడీలో అమ్మ.

నిజం చెప్పాలంటే నాకు గుర్తులేదు. గుర్తులేదని ఒప్పుకోకుండా దిగలేదని తేల్చేశాను. అది నా పాడు బుద్ధి.

సాయంత్రం మళ్లీ ఫొటోల వరస చూస్తే ఒకటి తట్టింది. ఆఖరి ఫొటో నంబరు 9999. ఏ ఫంక్షనూ సరిగ్గా ఆ అంకె దగ్గర ముగియదు. కెమెరా ప్రతి ఫొటోకు నాలుగంకెల పేరు పెడుతుంది. 9999 దాటితే చోటు చాలక మళ్లీ 0001 నుంచి మొదలుపెట్టి, వాటిని కార్డులోనే ఇంకో ఫోల్డర్‌లో వేస్తుంది. కార్డును కంప్యూటర్‌లోకి ఎక్కించి నాకు కాపీ పంపేది కోదాడలో ఆల్బమ్‌లు డిజైన్ చేసే శీను. రెండో ఫోల్డర్ అతను చూడలేదేమో. నేను కూడా సీజన్ హడావుడిలో చూసుకోలేదు.

అంకె మళ్లీ ఒకటికి వచ్చినప్పుడు ఆ మొదటి ఫొటో పెద్దవాళ్లలో ఎవరిదో ఒకరిది తీయడం నాకు అలవాటు. షాపువాళ్లకు బోణీ ఎలాగో నాకది అలాగ. ఆ రోజు ఎవరిని తీశానో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తురాలేదు.

మర్నాడు పొద్దున ఏడుంబావుకు సూర్యాపేటలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. దినాలు ఆరోజే. మధ్యాహ్నం ఒంటి గంటకు దండ వేస్తారు. బస్సులో ఆడవాళ్లందరికీ ఫ్రీ, జీరో టికెట్లు; డబ్బులిచ్చిన నలుగురైదుగురిలో నేనొకణ్ణి. హైవే కాబట్టి కుదుపు లేదు. ఎనిమిదిన్నరకు కోదాడలో దిగి, బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాను. చట్నీ బాగుంది, సాంబారు నీళ్లు.

తొమ్మిదికి శీను షట్టరు లేపాడు. విషయం చెప్పాను.

"అన్నీ ఎక్కించానన్నా. నేనెందుకు వదిలేస్తా?" అన్నాడు నొచ్చుకుని.

ఆల్బమ్ ఓకే అయ్యేదాకా కార్డు చెరపకూడదన్నది మా మధ్య పాత కట్టుబాటు. శీను కార్డులన్నీ ఒక హోమియో మందుల డబ్బాలో దాస్తాడు, ఒక్కోదాని మీద ఊరి పేరు అంటించి. మిర్యాలగూడ కార్డు తీసి పెట్టాడు. తెర మీద రెండు ఫోల్డర్లు పక్కపక్కనే కనిపించాయి. ఒకటి 100, ఇంకోటి 101. శీను నాలుక కరుచుకున్నాడు.

"రెండోది ఖాళీ అనుకున్నానన్నా. ఒక్కోసారి కెమెరా ఊరికే చేస్తుంది కదా."

రెండోదాంట్లో నలభై ఒక్క ఫొటోలున్నాయి. అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి 0001 తెరిచాడు. మోచేతి పైదాకా తెల్లగాజులు తొడుక్కున్న చెయ్యి ఒకటి కెమెరాకు అడ్డం. వెనక ముఖం లేదు, అద్దాల రైక కొంచెం. కదిలిపోయింది కూడా. 0002లో ఆ చెయ్యి కిందికి దిగింది. చాందీబాయి నేరుగా చూస్తోంది, నవ్వాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నట్టు.

అప్పుడు గుర్తొచ్చింది. వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. "పెద్దమ్మా, మిషిన్‌ల నంబర్లు ఖతమై మళ్ల ఒకటి మొదలైంది. ఒకటో నంబర్ నీదే" అన్నాను. "మళ్ల ఒకటి నుంచా? గట్ల నాక్కూడ అయితే మంచిగుండు" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఇంత జరిగినా మరిచిపోయాను. శీను ముందు నాకు సిగ్గేసింది.

"ఒకటోది డిలీట్ చేసెయ్. రెండోది పన్నెండు పద్దెనిమిది సైజులో ప్రింటు కొట్టు" అన్నాను. ప్రింటు వచ్చేలోపు శీను ఆ ఫైలునే ఏదో సాఫ్ట్‌వేర్‌లో వేశాడు. ఫొటో లోపల కనపడకుండా ఇంకో లెక్క రాసి ఉంటుంది. షట్టరు మొత్తం ఎన్నిసార్లు కొట్టుకుందో. లక్షా నలభై వేలు దాటింది. పేరు ఒకటికి వచ్చినా ఆ లెక్క వెనక్కి రాదు. పాత కెమెరా కొనేవాళ్లు అడిగేదీ దాన్నే.

"లక్షన్నరకు షట్టరు పోద్దంటారన్నా. ఇంక చూస్కో" అన్నాడు.

పదీ పదికి మిర్యాలగూడ బస్సు దొరికింది. అప్పటికే ఫ్రేము కట్టించిన ఫొటోను పేపరు చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. హుజూర్‌నగర్‌లో పక్కన కూర్చున్నాయన మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడట. పేపరు సందులోంచి చూశాడు.

"మీ అమ్మనా?"

"కాదు, గిరాకీ వాళ్లమ్మ."

"గిరాకీకి మీరే వొయ్యి ఇస్తున్నరా?" అని ఎగాదిగా చూసి కిటికీ వైపు తిరిగాడు.

నేరేడుచర్లలో వడ్ల లారీలు రోడ్డుకు అడ్డం నిలిచి ఇరవై నిమిషాలు ఆగిపోయాం. డ్రైవరు దిగి టీ తాగొచ్చాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. మిర్యాలగూడలో దిగేసరికి పన్నెండూ యాభై. ఆటోకు అరవై అడిగితే బేరమాడలేదు.

టెంటు కింద కుర్చీలో చాందీబాయి ఫొటో ఉంది. ఆధార్ కార్డులోది పెద్దగా చేయించారు. ముక్కూ కళ్లూ చెదిరిపోయి ఎవరో తెలియడం లేదు. భారతి నన్ను చూసి లేచింది, పలకరించలేదు. పేపరు విప్పి ఇచ్చాను.

చాలాసేపు చూసింది. పాత ఫొటో తీసి ఇది పెట్టింది. తండా నుంచి వచ్చిన ముసలివాళ్లు దగ్గరికొచ్చి లంబాడీలో ఒకేసారి మాట్లాడసాగారు.

"ఏమంటున్నరు?" అని అడిగాను.

"దిగిన అన్నది గదా, సూడుర్రి అంటున్నరు."

"తప్పు నాదే భారతమ్మా. జూడకుండనే మాటన్న."

"సరే అన్నా. తెచ్చినవ్ గదా" అంది. ఫ్రేము అంచు కొంగుతో తుడుస్తూ, "రోజూ ఒకటే మాట చెప్పేది. ఆ మిషిన్‌ల నేను ఒకటో నంబర్, నా ఎనక వేలమంది ఉంటరు అనేది. మేము నవ్వెటోళ్లం. గిదేనా ఒకటో నంబర్?"

అవునన్నాను. నిజానికి అది రెండో నంబరు. ఆ ఒక్క మాటతో మళ్లీ తప్పు చేశాను. దండ వేశారు. నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టారు. మాంసం కూరలో కారం గట్టిగా ఉంది, అయినా తిన్నాను.

మూడున్నరకు సూర్యాపేట బస్సు, నేరేడుచర్ల, పెన్‌పహాడ్ మీదుగా. సగానికి పైగా ఖాళీ. ఊరు దాటకముందే శీనుకు ఫోన్ చేశాను.

"ఒకటో నంబర్ డిలీట్ చేసినవా?"

"చేసేశానన్నా, నువ్వే అన్నావు కదా."

"అయ్యో!" అని గట్టిగానే అన్నాను. బస్సులో ఎవరో నన్ను చూశారు.

"కంప్యూటర్‌లోది చేశానన్నా. కార్డు ముట్టుకోలేదు. ఆల్బమ్ ఇంకా ఓకే అవ్వలేదుగా" అన్నాడు శీను.

"కార్డు జాగ్రత్త. ఆల్బమ్‌ల మొదటి పేజీకి అదే పెట్టు."

"ముఖమే కనపడదుగా!"

"చెయ్యి కనపడ్తది. కింద నంబర్ గూడ వెయ్యి."

ఈ దారిలో వెళ్లేవాళ్లకు ఒక మాట. పెన్‌పహాడ్ దారి సన్నం కానీ పొలాల మధ్య నుంచి పోతుంది, కోదాడ చుట్టు కంటే చాలా నయం. ఆరింటికి సూర్యాపేటలో దిగాను. వారం తర్వాత ఆల్బమ్ ఇవ్వడానికి మళ్లీ వెళ్లాలి. అవునని ఎందుకన్నానో భారతికి అప్పుడు చెప్పాలి. మొదటి పేజీలో ఆ చేతిని చూస్తే, నేను చెప్పకముందే వాళ్లమ్మను గుర్తుపడుతుంది.