కుట్టుకి వదిలిన రెండు వేళ్లు

బజారు మలుపులో చొక్కాలు కుట్టే మాస్టారు చివరికి తన చొక్కాకే కిటికీ పెట్టుకున్నాడు. ఎడమ చంక కింద నుంచి నడుం దాకా బట్ట కత్తిరించేసి, చుట్టూ అంచు మడిచి శుభ్రంగా కుట్టాడు. ఎలాగూ చిల్లే కదా అని వదిలెయ్యడానికి చెయ్యి రాలేదు. పనివాడి పిచ్చి అలాంటిది.

దీనికంతటికీ కారణం అక్కి. పోయిన వానాకాలంలో ఎడమ పక్కటెముకల మీద నీటి పొక్కులు లేచి, బెల్టులా చుట్టుకుని, మాడి రాలిపోయాయి. మంట మాత్రం పోలేదు. అద్దెకున్నవాడు ఇల్లు ఖాళీ చేసి, కుక్కని మనకొదిలి పోయినట్టయింది.

ఆ కుక్కకి న్యాయం కూడా లేదు. పలచటి గుడ్డ అంచు తగిలితే చాలు, మాస్టారు కుర్చీలోంచి గెంతేవాడు. అదే బరువైన పాంటు బట్ట తానుని ఎడమ పక్కకి అదిమిపెట్టి మోసుకొచ్చేటప్పుడు నొప్పి ఊసే ఉండేది కాదు, పైగా హాయిగా ఉండేది. ఈ హాయే కొంప ముంచింది. భార్య చూసేసింది.

ఆవిడ అదే కొట్లో కాజాలు కుడుతుంది, బొత్తాలు వేస్తుంది, మాటలు కూడా అక్కడే వేస్తుంది.

"బట్టల తాను మోస్తే లేని నొప్పి తువ్వాలు తగిలితే వచ్చిందా? మా చెల్లెలింటికి పోదాం, మంచి చొక్కా వేసుకో అన్నప్పుడే నీ పక్కటెముకలు మండుతాయేం?"

పక్క కొట్లో ఇస్త్రీ చేసే బావమరిది ఊరుకుంటాడా! "పోనీలే అక్కా, బావకి గాలాడాలిగా. రేపు పాంటుకి కూడా పెట్టించుకుంటాడు కిటికీ."

బజారంతా నవ్వినా మాస్టారు పట్టించుకోలేదు. కానీ ఒక్క మనిషి నమ్మకపోవడం మంటకంటే ఎక్కువ మండింది. పొక్కులున్నప్పుడు ఈవిడే తెల్లవార్లూ విసనకర్రతో విసిరింది. ఇప్పుడు చర్మం నున్నగా ఉంది. చూపించడానికి ఏమీ మిగల్లేదు.

ఇలా ఉండగా పెద్దాసుపత్రిలో నరాల నొప్పి మీద పరిశోధన జరుగుతోందనీ, కొత్త మందు పట్టీ వేసి చూస్తున్నారనీ తెలిసింది. మాస్టారు బయల్దేరాడు. భార్య కూడా బయల్దేరింది, 'ఏమీ లేదు' అని డాక్టరు నోట వినడానికి.

డాక్టరమ్మ చిన్నపిల్ల. చేతిలో మెత్తటి బ్రష్షు పట్టుకుంది.

"ఒక్కో వైపూ దూరం నుంచి మెల్లగా లోపలికి తెస్తానండీ. మామూలుగా ఉన్నది మంటగా మారిన చోట ఆపమనండి. అక్కడ చుక్క పెడతాను."

మాస్టారు మెడ తిప్పి బ్రష్షునే చూస్తూ, అది దగ్గరికి వచ్చినప్పుడల్లా "ఆగండి" అన్నాడు. చుక్కలన్నీ కలిపితే నీలం గీత. తరవాత కళ్లకి గుడ్డ కట్టి మళ్లీ చేసింది. ఆకుపచ్చ గీత. రెండూ కలవలేదు. డాక్టరమ్మ మొహం వాడిపోయింది.

"రెండూ దాదాపు ఒకచోట పడాలండి. ఇంత తేడా ఉంటే మిమ్మల్ని తీసుకోవడం కష్టం."

ఇక మాస్టారు ఇంటికెళ్లి ఏం మొహం పెట్టుకుని బతకాలి? వెనకాల భార్య 'నే చెప్పలా' అనడానికి నోరు తెరిచింది కూడా. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. వంగి చూసింది. ఆకుపచ్చ గీత చుట్టూ నీలం గీత. వంపు దగ్గర వంపు, మూల దగ్గర మూల. మధ్యలో తన వేళ్లు ఆనకుండా పెట్టి చూసింది. ఎక్కడ చూసినా రెండు వేళ్ల ఎడం.

పరదా అవతలి రోగి ఉలిక్కిపడేలా నవ్వింది.

"కుట్టుకి వదిలాడమ్మా ఈయన!"

"ఏం వదిలారు?"

"లోపలిది కుట్టు గీత, బయటిది కత్తిరించే గీత. రేపు ఒళ్లొస్తే విప్పుకోవాలని ఎవరి చొక్కాకైనా రెండు వేళ్లు వదిలే కత్తెర పెడతాడు. చూస్తూ ఉంటే గీత దాకా రానిస్తాడా? ముందే ఆపేశాడు. ఏమయ్యా, నీ ఒంటికి కూడా వదిలావా?"

మాస్టారు నిజంగానే ఆలోచించాడు. "ఏమోనే. అలవాటు."

ఆవిడ నవ్వు సగంలో ఆగింది. ఆకుపచ్చ గీత వైపే చూస్తోంది. "కళ్లు కట్టేసిన మనిషి ఇంత సాఫీగా అబద్ధం చెప్పలేడు కదమ్మా?" అంది, ఈసారి మెల్లగా.

మాస్టారు కళ్ల గుడ్డ పైకెత్తాడు. "అంటే?"

"అంటే ఏముంది? మూసుకో. కళ్లు."

డాక్టరమ్మ జరిగింది రాసుకుని, పెద్ద డాక్టరుని అడిగొచ్చి, కళ్లు కట్టే మళ్లీ చేసింది. ఎర్ర గీత వచ్చి ఆకుపచ్చ గీత మీదే కూర్చుంది. మాస్టారిని తీసుకున్నారు.

"మరి బట్టల తాను మోస్తే నొప్పెట్టదేం?" భార్య వదల్లేదు.

"కొందరికి అంతేనండీ. గట్టిగా అదిమితే తట్టుకుంటారు. మెత్తగా తాకిన కబురే దెబ్బతిన్న నరంలో దారి తప్పి, మంటగా చేరుతుంది. అదెందుకో పూర్తిగా తెలీకే ఈ తిప్పలన్నీ."

"పట్టీతో తగ్గుతుందా?"

"తెలిస్తే పరిశోధన ఎందుకు? కొందరికి మందు పట్టీ, కొందరికి ఉత్త పట్టీ. మీకేది పడుతుందో నాకూ చెప్పరు."

"సైజు చెప్పకుండా చొక్కా కుట్టమన్నట్టుంది మీ పని," అన్నాడు మాస్టారు జాలిగా.

తిరుగుదారిలో స్కూటరు ఎక్కగానే మాస్టారు ఎప్పటిలాగే బిగుసుకుపోయాడు. వెనక కూర్చున్న మనిషి వేళ్లు పక్కటెముకలకి ఎప్పుడు తగులుతాయోనని భయం. ఈసారి వేళ్లు రాలేదు. అరచెయ్యి మొత్తం వచ్చి, కిటికీలోంచి గట్టిగా అదిమింది.

"ఇలాగేనా?"

"ఇంకొంచెం గట్టిగా."

"పడిపోతే నన్నడక్కు."

మాస్టారు బండి కావాలనే మెల్లగా నడిపాడు.

కొట్టు దగ్గర బావమరిది కాచుకునే ఉన్నాడు. "ఏం బావా, డాక్టరమ్మ ఏమీ లేదందా?"

మాస్టారు నోరు తెరిచేలోపే భార్య బండి దిగింది.

"ఉందిరా. గీత గీసి మరీ చూపించింది. మా చెల్లెలింటికి కూడా ఈయన కిటికీ చొక్కాలోనే వస్తాడు, ఎవరేమంటారో చూస్తాను. నువ్వు ముందు నీ ఇస్త్రీ పెట్టె ఎత్తు, ఎవరిదో చొక్కాకి కిటికీ పడుతోంది."