అక్క చెప్పిన సీరియల్

మా అక్క ఆ ఎండాకాలం మా వీధి ఆడవాళ్ళకు చెప్పిన సీరియల్ ఏ టీవీలోనూ రాలేదు. ఆ సంగతి నాకు తెలిసేసరికి అక్క మళ్ళీ అత్తగారింటికి, రాజంపేట వెళ్ళిపోయింది. ఇప్పటికీ సాయంత్రం ఎవరింట్లోంచైనా అదే పేరుతో టీవీలో వచ్చిన అసలు సీరియల్ పాట వినపడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మంట అంటే చెప్పలేను. అమ్మ మీద అనడానికి నోరు రాదు.

మాది కడప జిల్లాలో నేతపనివాళ్ళ ఊరు. నాన్నది మగ్గం. మగ్గం మీది పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే కొత్త పడుగును దానికి కలపాలి. ఒక్కొక్క పాత పోగుకు ఒక్కొక్క కొత్త పోగును, వేళ్ళకు బూడిద అద్దుకుని, మెలిపెట్టి అతకాలి. మా ఊళ్ళో అది ఆడవాళ్ళ పని. అమ్మ, పక్కింటి పెద్దమ్మ, ఎదురింటి వదిన వరసగా కూర్చుని అతికేవాళ్ళు. చేతులకు ఖాళీ ఉండదు, కళ్ళు పోగు మీంచి కదలవు. ఇక మిగిలేది నోరు. దానికి మాత్రం ఏ రోజూ సెలవు లేదు.

ఆ ఏడు గాలివానకు స్తంభం కూలి మా వీధి కేబుల్ తెగింది. కేబులతను ఇదిగో వస్తా, అదిగో వస్తా అని తిప్పుతూనే ఉన్నాడు. సరిగ్గా అప్పుడే సీరియల్లో కోడలు మొగుడితో పడలేక పెట్టె సర్దుకుని హాలు మధ్యలో నిలబడి ఉంది. పుట్టింటికి ఒక్కగానొక్క కూతురు. వెళ్తుందా, ఉంటుందా? వీధికి అన్నం సహించడం లేదు. నెట్టున్న ఫోన్లేమో మగవాళ్ళ జేబుల్లో ఉంటాయి. అక్కకు మాత్రం సొంత ఫోనుంది. మిద్దె మీద సిగ్నలు అందే మూల కూర్చుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని చూసి, మరుసటి రోజు అతుకు దగ్గర కథ చెప్పేది. నేను హాస్టల్ నుంచి సెలవులకు వచ్చి, ఒక పక్కన నూలు కండెలు చుడుతూ వినేదాన్ని.

అక్క అప్పటికే వచ్చి చాలా రోజులైంది. ఎందుకొచ్చినావే అని అమ్మ అంటే "ఎండలు గదా" అంది. రాజంపేటలో ఉన్న ఎండలు మా ఊళ్ళో లేవా? బావ మంగంపేట ముగ్గురాయి గనుల దగ్గర లారీ నడుపుతాడు. ఫోను చేయలేదు, తీసుకుపోవడానికి రాలేదు. అక్క తిరిగి పోతుందా, ఇక్కడే ఉండిపోతుందా అన్నదే ఇంట్లో అందరి దిగులూ. అయినా ఆ మాట ఎవరూ అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయం.

"ఇంగ జెప్పు మే, ఆ బిడ్డ పాయెనా?" అని మొదలుపెట్టింది పెద్దమ్మ.

"యాడ పాయె పెద్దమ్మా, ఈడనే ఉండాది. వాడు దసరా కాడ్నుంచి ఆ పిల్లతో మాట్లాడ్డం ల్యా," అంది అక్క.

"మాట్లాడ్డం ల్యా అంటే?"

"మాట్లాడ్డమే ల్యా. నీళ్ళు గావల్లంటే వాళ్ళమ్మతో చెప్తాడు, నీళ్ళిమ్మను అని. ఆ పిల్ల పక్కనే నిలబడుకోనుంటాది. అన్నం పెడితే తింటాడు. మొగం మాత్రం సూడడు."

"కొడ్తాండాడా?"

"లేదు."

"తాగుతాడా? ఇంగెవతైనా ఉండాదా?"

"అట్లాంటివేం లేవు."

"మరి ఇంగేందే దానికొచ్చిన కష్టం! మా ఆయప్ప ఒక్క పూట నోరు మూసుకుంటే టెంకాయ కొడ్తా నేను."

అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. అక్క కూడా నవ్వింది, అందరి కంటే కాస్త ఆలస్యంగా.

వదిన మాత్రం ఒప్పుకోలేదు. "నవ్వాకు పెద్దమ్మా. కొడితే నలుగురికి సూపిచ్చేకి దెబ్బన్నా ఉంటాది. దీనికేముంది సూపిచ్చేకి? నేనైతే ఆ పెట్టె ఎత్తుకోని పోయింటి."

"యాడికి పోతావు?"

"మా అమ్మోళ్ళింటికి."

"వాళ్ళు రమ్మనల్ల గదా!"

ఆ పడుగు అతికినన్నాళ్ళూ ఈ పంచాయితీ నడిచింది. అక్క రోజుకో కొత్త సంగతి తెచ్చేది. పండక్కి తెచ్చిన చీర ఆ పిల్ల చేతికివ్వకుండా మంచం మీద పెట్టి పోయాడట. ఆ పిల్లకు జ్వరమొస్తే మాత్రలు తెచ్చి తన తల్లి చేతికిచ్చాడట. పెద్దమ్మ ఆ మాత్రల్ని పట్టుకుంది. "సూడు, ప్రేమ ల్యాకనే తెచ్చినాడా?" అంది. "గొడ్డుకు జ్వరమొచ్చినా తెస్తారు మాత్రలు," అంది వదిన. ఇద్దరూ ఎగిరెగిరి వాదించుకుని పోగులు తెంపితే అమ్మ కసిరింది. నాకొక అనుమానం వచ్చింది. నిద్రలో కూడా నగలు తీయని మనుషులుండే ఆ ఇంట్లో జ్వరం మాత్రల గొడవ ఎక్కడిది? వచ్చింది, పోయింది. కండెలు చుట్టుకుంటూ కూర్చున్నాను.

ఇంత జరిగినా అమ్మ ఏ పక్కా మాట్లాడలేదు. పని అయిపోవచ్చింది, ఇంకో పిడికెడు పోగులు మిగిలాయి. అప్పుడు అక్క అమ్మనే అడిగింది.

"ఆ పిల్ల వాళ్ళమ్మకు ఫోన్ జేసిందిమా, వచ్చేయమంటావా అని. వాళ్ళమ్మ ఏమనల్ల?"

అమ్మ వేళ్ళు ఆగలేదు. బూడిద అద్దుకుంది, పోగు మెలిపెట్టింది.

"ఏమంటాది? కొట్టల్యా, తిట్టల్యా. ఏమని పిల్చుకోనొస్తాది? ఎనకాల ఇంగో బిడ్డ ఉండాది పెండ్లికి. పెద్దది ఎందుకొచ్చేసిందని నలుగురూ అడిగితే ఏం జెప్తాది? మాటలు ఈ పొద్దు లేకుంటే రేపొస్తాయి. సర్దుకోని ఉండమంటాది."

"అట్ల జెప్పు," అని పెద్దమ్మ మెచ్చుకుంది. వదిన మూతి తిప్పుకుంది.

"అంతేలేమా," అంది అక్క.

మర్నాడు పొద్దున అక్కే పెద్దమ్మకూ వదినకూ చెప్పింది, ఆ పిల్ల పెట్టె మళ్ళీ లోపల పెట్టేసిందని. "మంచి పని జేసె," అని పెద్దమ్మ చేతులెత్తి దండం పెట్టింది. ఆ మధ్యాహ్నమే నాన్న అక్కను రాజంపేట బస్సెక్కించి వచ్చాడు.

సెలవులయ్యాక కడపలో మా హాస్టల్ హాల్లో అదే సీరియల్ వస్తోంది. కోడలు ఏదో దుకాణంలో కూర్చుని ఉంది, మొగుడు బయట నిలబడి బతిమాలుతున్నాడు. ఇదేందే, కాపురానికి తిరిగిపోయింది కదా అన్నాను. పిల్లలు నన్ను వింతగా చూశారు. పెట్టెతో నిలబడిన రోజే పుట్టింటికి వచ్చేసిందట, వాళ్ళమ్మ గేటు తీసి లోపలికి తీసుకుపోయిందట. మాట్లాడని మొగుడు లేడు, జ్వరం లేదు, మాత్రలు లేవు. అయ్యో అక్కా, అనుకున్నాను. కంచంలో అన్నం అట్లాగే వదిలేసి లేచి అమ్మకు ఫోన్ చేశాను.

అమ్మ అంతా వింది. తర్వాత, "నాకు తెల్సులే," అంది.

"తెల్సా? తెల్సే పంపిచ్చినావా?"

"సీరియల్ అనుకుంటేనే చెప్పగలిగితినే. నా బిడ్డనుకుంటే ఆ మాట నోట్లోంచి వస్తాదా?"

ఏమనాలి అట్లాంటి మనిషిని? అరిచాను, ఫోన్ పెట్టేశాను. ఏడ్చాను కూడా. సీరియల్లో ఆ తల్లికి ఇంకో బిడ్డ లేదన్నది అప్పుడు కూడా నా బుర్రకు తట్టలేదు.

మర్నాడు సాయంత్రం అక్కకు చేశాను. వెనకాల టీవీ మోగుతోంది. బావ మాట్లాడుతున్నాడా అని అడిగాను.

"ఇప్పుడే టీవీ సౌండు తగ్గియ్యమన్నాడు," అంది.

"నీతోనా?"

"అత్తతో."

నాకు కోపం ఆగలేదు. "ఆ సీరియల్ పిల్ల వాళ్ళమ్మ గేటు తీసిందంట గదక్కా, రా బిడ్డా అనిందంట గదా!" అన్నాను.

అక్క నన్ను సముదాయిస్తున్నట్టు మెల్లగా అంది:

"ఆ పిల్లకు చెల్లెలు ల్యాదులే, పాపా."