పంపుగది మీది తెల్ల బోర్డు

మజీద్ పెయింటర్ కష్టపడి గెలిచిన మొదటి గెలుపు జనగామ పార్కులోని పాత పంపుగది. శాలువాలూ కప్పులూ తర్వాత వచ్చాయి, వాటినీ చెబుతాను. ముందు మాత్రం ఆ గదినే చెప్పాలి. బోరు ఎండిపోయి, మోటారు ఊడదీసుకుపోయాక అందులో పందులు పడుకునేవి. దాన్ని కళాకారులకివ్వండని మజీద్ ఏళ్ల తరబడి పార్కు కమిటీ చుట్టూ తిరిగాడు. ఇవ్వలేదు. చివరికి ఎవరినీ అడగకుండా సొంత రంగులతో పార్కు ప్రహరీ గోడకు బొమ్మ వేయడం మొదలుపెట్టాడు. చిల్పూర్ గుట్ట, పైన బుగులు వెంకన్న గుడి, మెట్లెక్కే జనం. ఎండాకాలమంతా వేశాడు. ఆ గోడ ముందు ఫొటోలు దిగడానికి జనం రాసాగారు. కమిటీ పెద్దమనిషి తానే వచ్చి చూసి, "ఏం గావాలె మజీద్?" అన్నాడు.

"పందులను లేపుండ్రి సార్. గండ్ల మేం కూసుంటం."

అట్లా పుట్టింది మా కళాకేంద్రం.

'మా' అంటున్నాను కాబట్టి నేనెవరో చెప్పాలి. బచ్చన్నపేట సోమనర్సయ్యను. ఊరి బడిలో ఏడో తరగతి, ఆ తర్వాత బతుకంతా భాగవతుల వెంట హార్మోనియం. ఆ గదిని ఏ ఆఫీసరూ నడపలేదు, మేమే నడిపాం. రంగులు మజీద్‌వి, హార్మోనియం నాది, పాట గోరీది. గోరీ బయ్యారం దిక్కు తండా మనిషి, జనగామలో మేస్త్రీల కింద కూలి చేసేది. కంచెకు బట్టలారేసినట్టు బొమ్మలు వేలాడదీసి మేం పెట్టిన మొదటి ప్రదర్శనకు జనం జాతరకొచ్చినట్టు వచ్చారు. గోరీ తన తండా ఆడవాళ్లతో తీజ్ పాటలు పాడిస్తే భూపాలపల్లి బొగ్గుబాయి కార్మికులు సెలవు పెట్టుకొని బస్సెక్కి వచ్చి విన్నారు. హైదరాబాద్‌లో రవీంద్రభారతి వేదిక ఎక్కాం, మా వెనుక మజీద్ వేసిన తెర చూసి సభ చప్పట్లు కొట్టింది, శాలువాలు కప్పి కప్పు చేతికిచ్చారు. మా గదిలో గీత నేర్చిన పిల్లలు ఇవాళ బళ్లలో డ్రాయింగు సార్లు. ఇందులో ఒక్కటి అబద్ధమైనా జనగామ నన్ను ఊరుకోదు.

ఇన్ని చేసిన కేంద్రానికి పేరు మాత్రం రాసి లేదు. తలుపు పైన ఒక రేకు బోర్డు ఉండేది. మజీద్ ఏటా దానికి తెల్లరంగు వేసేవాడు, అక్షరం రాసేవాడు కాదు. మహబూబాబాద్‌లో అతనికి కుంచె పట్టించిన ఉస్తాద్ పెట్టిన కట్టడి అది. పెయింటర్ తన బోర్డు తాను రాసుకోకూడదు, ఇంకో పెయింటర్‌తో రాయించుకోవాలి. ఆ మాట మీదే బస్టాండు దగ్గర యుగేందర్ దుకాణం బోర్డును మజీద్ రాశాడు. మజీద్ బోర్డు యుగేందర్ రాయాలి. రాసేలోపే ఫ్లెక్సీలు వచ్చాయి. యుగేందర్ కుంచెలు అటకెక్కించి మిషను తెచ్చుకున్నాడు.

"మజీదన్నా, పది నిమిషాలల్ల ఫ్లెక్సీ తీసిస్త. లైట్లు గూడ పెడ్త."

"నా గదికి ఫ్లెక్సీయా? పీనుగకు సూటు తొడిగినట్టుంటది. కుంచె పట్టిననాడు రా పో."

ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ నవ్వులాటలోనే ఏళ్లు గడిచిపోయాయి.

ఫ్లెక్సీలతో మజీద్‌కు పని పోయింది. జనగామలో సగం దుకాణాలు అతని అక్షరాల కిందే వ్యాపారం చేశాయి. అలాంటి మనిషి సౌదీలోని దమ్మామ్‌లో గోడలకు సున్నం వేయడానికి విమానం ఎక్కాడు. పోయేనాడు భార్య రషీదా బేగంకు ఒక్కటే చెప్పాడు. "గది తలుపు రోజు తెరువు. తెరిచున్న ఇల్లును ఎవ్వడు గుంజుకోడు." ఆమె రోజూ తెరిచింది, ఊడ్చింది. శుక్రవారం నమాజు తర్వాత అతను వీడియో కాల్ చేస్తే ఫోనెత్తి బోర్డు చూపించేది.

"తెల్లగనే ఉన్నదా?"

"ఆఁ, నీ గడ్డం లెక్క."

పోయిన డిసెంబరులో పార్కు బాగుచేసే పని పట్టిన కాంట్రాక్టరు మనిషి వచ్చాడు. గదిలో నేనూ గోరీ ఉన్నాం.

"ఏం పెద్దమనిషీ, గిదెవ్వలిది?"

"కళాకేంద్రం."

"బోర్డేది?"

"గదే."

"గండ్ల ఏం లేకపాయె!"

"నువ్వు కొత్తోనివి," అంది గోరీ. "ఊరందరికి ఎర్కే."

అతను చెడ్డవాడు కాదు. "అమ్మా, పేరున్న కట్టడాలను ఉంచుమన్నరు, పేరు లేనియి తీసెయ్యుమన్నరు. సోమారం లోపట పేరు రాసుకోండ్రి. ఫొటో తీసి పంపిస్త," అని చెప్పి పోయాడు.

మజీద్ బిడ్డ జరీనా అక్షరాలు అచ్చం తండ్రిలాగే రాస్తుంది. అప్పటికప్పుడు రంగు కలిపి, తండ్రికి ఫోన్ చేసింది. "అబ్బా, నేను రాస్త."

"వద్దు బేటా. ఇంటి చెయ్యి గూడ సొంత చెయ్యే. యుగేందర్‌ను పిలువుండ్రి."

గోరీ ఫోన్ గుంజుకుంది. "మజీదన్నా, గిప్పుడు గూడ ఉస్తాద్ ముచ్చట్లేనా? గోడ కూలినంక బోర్డును నీ నెత్తికి కడుదుమా?"

అటు నుంచి నవ్వు వినిపించింది. "పరేషాన్ గాకు గోరీ. వాడు నాకు బాకీ ఉన్నడు, వస్తడు."

నేను యుగేందర్ దగ్గరకు పోయాను. సర్పంచు ఎన్నికల గిరాకీ. దుకాణంలో నేల మీద పరిచిన ఫ్లెక్సీల నిండా దండం పెట్టే మొఖాలే, కాలు పెట్టే జాగా లేదు. "రేపు పొద్దుగాల్నే వస్త సోమన్నా, ఒట్టు," అన్నాడు. రేపు రాలేదు, ఎల్లుండీ రాలేదు. సోమవారం జేసీబీ వచ్చింది. రషీదా తాళంచెవి పట్టుకొని వచ్చేసరికి తలుపు నేల మీద ఉంది. ఆమె ఏడవలేదు. బోర్డు మాత్రం అడిగి ఇంటికి తెచ్చుకుంది.

ఇప్పుడక్కడ సిమెంటు పోసి కసరత్తు మిషన్లు పెట్టారు. ప్రహరీ మీది చిల్పూర్ గుట్ట బొమ్మ మీద ఆకుపచ్చ రంగు పూశారు. కమిటీలో ఇప్పుడున్న వాళ్లను అడిగితే, "నువ్వు గూడ వచ్చి కసరత్తు చెయ్యి తాతా, మోకాళ్లకు మంచిది," అన్నారు.

ఎన్నికలయ్యాక యుగేందర్ కుంచెలు పట్టుకొని రషీదా ఇంటికి వచ్చాడు. వాకిట్లో కూర్చుని రాశాడు, కిరసనాయిలుతో తుడిచాడు, మళ్లీ రాశాడు. "చెయ్యి మర్చిపోయిందక్కా," అన్నాడు. 'జనగామ కళాకేంద్రం' అని పడింది, కానీ గీత వణికింది. వేలాడదీయడానికి గోడ లేదు. రషీదా దాన్ని అక్షరాలు కనబడకుండా గోడ దిక్కు తిప్పి పెట్టింది.

యుగేందర్ బోర్డు రాశాడని మాత్రమే మజీద్‌కు చెప్పాం. శుక్రవారాలు అతను దాన్ని చూపించమంటే రషీదా నెట్‌వర్క్ లేదంటుంది. గది కూలిందని చెబుదామని జరీనా కొట్లాడింది. "ఆడ ఒక్కడే ఉన్నడు," అంది తల్లి. "ఒక్కడున్నోనికి చెప్పే మాటనా గిది?"

మజీద్ మాత్రం సంబురంగా ఉన్నాడు. కంపెనీ గడువు అయిపోయింది, ఇక పోడట. పిల్లలకు కుంచెలు కొన్నాడట. మొన్న నాతో అన్నాడు, "సోమన్నా, ఇగ నేను గదిలనే కూసుంట. ఈ రంజాన్ ఇఫ్తార్ గండ్లనే పెడదాం. గోరీకి చెప్పు."

సరేనన్నాను. పెద్దవాణ్ని కనుక అతనికి చెప్పే పని నా మీద పెట్టారు. వేల మంది ముందు నోరు తిరిగినవాణ్ని, ఈ ఒక్క మాటకు మొదలు దొరకడం లేదు. అతని విమానం శంషాబాద్‌లో దిగేది 2026 మార్చి 14, శనివారం.