నా రియల్ ఎస్టేట్ టీమూ, కొమురవ్వ పత్తిచేనూ

ఈ సంగతి బయటపెట్టే ముందు మా ఆవిడ స్వర్ణను అడిగాను. "చెప్పు చెప్పు, నలుగురికి తెలవాలె" అంది. మా పెళ్లిరోజున కూడా ఆమెలో అంత ఉత్సాహం చూడలేదు. కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఇందులో ఒక మహా తెలివైనవాడు తన తెలివిని మూడు జిల్లాలకు పంచిపెట్టి, నిండా మునుగుతాడు. ఆ మహానుభావుడు నేనే. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అప్పటికి నేను జనగామలో ఒక ప్రైవేటు బడిలో ఎనిమిదేళ్లుగా లెక్కల సారుని. వేసవి సెలవుల మొదట్లో ఫోన్లో వీడియోలు చూసి చూసి నాకు జ్ఞానోదయమైంది. భూములు కొని ప్లాట్లు చేసి అమ్మేవాళ్లు ఒంటరిగా పనిచెయ్యరట. వాళ్ల వెనక ఒక టీమ్ ఉంటుందట. బేరమాడేవాడొకడు, కొలిచేవాడొకడు, నీళ్లూ కరెంటూ చూసేవాడొకడు. టీమ్ కుదిరితే చాలు, మనం చెట్టు నీడన కూర్చుని సంతకాలు పెట్టుకోవచ్చట! వెంటనే రాజీనామా రాసి స్వర్ణకు చూపించాను.

ఆమె రెండుసార్లు చదివింది. "మంచిగనే రాసినవ్ గని, బడి తెరిచేదాక జేబుల వెట్టుకో. గంతలోపల ఒక్క జాగ కొన్నవనుకో, నేనే తీస్కపోయి ఇచ్చొస్త. కొనకుంటె మళ్ల బడికి పోవుడే. ఇగ జిందగీల భూమి ముచ్చట ఎత్తద్దు."

అంటే నా కొత్త జీవితానికి గడువు ఒక్క వేసవి. మీరే చెప్పండి, అలాంటప్పుడు మనిషి కొంచెం తొందరపడడా?

రెండు రోజుల్లో టీమ్ తయారైంది. మా బామ్మర్ది నరేశ్‌ది జనగామే. మాటల్లో పెట్టాడంటే బస్సు తప్పిపోయినా జనం లేవరు, కాబట్టి బేరం అతనికి. మహబూబాబాద్‌లో సాంబన్న, ముప్పై ఏళ్లు సర్వేయర్ల వెంట గొలుసు లాగిన పెద్దమనిషి, కొలతలు ఆయనకు. భూపాలపల్లి జిల్లా చిట్యాలలో యేసోబు, బోరు మోటర్ల మెకానిక్కు, నీళ్లూ కరెంటూ అతనికి.

ఇక నా అసలు తెలివి వినండి. ముగ్గురిలో ఎవరికీ మిగతా ఇద్దరి గురించి చెప్పలేదు. వ్యాపార రహస్యమండీ! తెలియని రాశులు మూడుంటే మూడు సమీకరణాలు విడివిడిగా కావాలి కదా. ముగ్గురూ వేర్వేరుగా తెచ్చిన కబుర్లు నా దగ్గర కలిపితే నిజం దానంతటదే తేలుతుందని నా లెక్క.

దేవరుప్పుల దగ్గర ఒక ఊళ్లో కొమురవ్వ అనే ముసలమ్మ రోడ్డు పక్క రెండెకరాలు అమ్ముతుందని తెలిసింది. ముగ్గురికీ విడివిడిగా ఫోన్ చేసి ఒకే పాఠం చెప్పాను.

"నా పేరు ఎత్తద్దు. నువ్వే కొంటున్నట్టు పో, చూసేది చూసుకో, అవ్వ మనసు గెలువు. వేరే పార్టీలు తిరుగుతున్నయట, జర పైలం!"

వేరే పార్టీలున్నాయో లేవో నాకేం తెలుసు? కొంచెం ఊపు రావాలని అన్నాను.

నాలుగో రోజు నరేశ్ ఫోన్. "బావా, నువ్వన్నది నిజమే! ఎవడో పెద్దమనిషి, మెడల ఎర్ర తువ్వాల, అవ్వ చేన్ల రెండు ట్రాక్టర్ల పెంట ఎరువు తోలిపిచ్చిండు!"

ఫోన్లోనే కేకేశాను. "అమ్మో! మరి మనమెట్ల?"

"నేను గూడ ఊకోలే బావా, అవ్వను..."

"నాకు వివరాలొద్దు, పని గావాలె!" అని ఫోన్ పెట్టేశాను. పెద్ద వ్యాపారస్తులు వివరాలు అడగరని ఒక వీడియోలో విన్నాను లెండి.

సాయంత్రం సాంబన్న. "సార్, పరేషాన్‌ల వడ్డం. ఎవడో నల్లటాయన పొద్దుగాల్నే వచ్చి చేన్ల పత్తికట్టె అంత పీకి కుప్పలేస్తుండు. అవ్వ గాయనకు చాయ్ వోస్తుంది. నాకు పొయ్యలే!"

"ఆయన ఒకటి జేస్తె నువ్వు రెండు జెయ్ సాంబన్నా!"

మర్నాడు యేసోబు. "సార్, కళ్లద్దాలోడు ఒకడు అవ్వను బండి మీద దవాఖానకు తిప్పుతుండు. మోకాళ్లకు మందు గూడ రాస్తడేమొ అనిపిస్తుంది. మన భూమి పాయె సార్!"

"పోనియ్యకు! పానం వోయినా సరే, ఆ భూమి మనదే!"

మీకు అర్థమైపోయింది కదూ? మా బడిలో ఆఖరి బెంచీ పిల్లలక్కూడా అర్థమయ్యేది. నాకు మాత్రం కాలేదు. కనపడని శత్రువుల మీద మండిపడుతూ, ముగ్గురినీ ముగ్గురి మీదికే ఎగదోస్తూ నెల గడిపాను. ధర మాట ఎత్తితే చాలు, "జర గీ పని గానియ్ బిడ్డా, మాట్లాడుకుందం" అంటుందట అవ్వ. ఆ పని కాగానే ఇంకో పని పుట్టేదట.

మిరుగు, అదే మృగశిర కార్తె, వచ్చింది, వాన పడింది. బడి తెరవడానికి మూడు రోజులుంది. ఆ పొద్దున ఒకరి తర్వాత ఒకరు ముగ్గురూ ఫోన్ చేశారు. ముగ్గురిదీ ఒకటే మాట. "అవ్వ ఇయ్యాల చేన్లకు రమ్మన్నది. ముచ్చట ఖాయం జేస్తదట. నువ్వు రావాలె!"

ముగ్గురూ గెలిచారని పొంగిపోయాను. ఒకే భూమిని ముగ్గురు ఎట్లా గెలుస్తారన్న అనుమానం ఈ లెక్కల సారుకు రాలేదు. స్వర్ణ నా తెల్లచొక్కా ఇస్త్రీ చేసిచ్చి, "నిజంగనే కొంటున్నమా?" అని మెల్లగా అడిగింది. ఆ గొంతులో ఆశ విని నాకు కళ్లు చెమర్చాయి. అగ్రిమెంటు కాగితాలు సంచీలో పెట్టుకుని బయల్దేరాను.

చేను చేరేసరికి ముగ్గురు మనుషులు, ప్యాంట్లు మోకాళ్లదాకా మడిచి, సాళ్ల వెంట వంగి పత్తిగింజలు పెడుతున్నారు. పక్కన బోరు మోటరు కొత్త పెళ్లికొడుకులా రంగేసుకుని మెరుస్తోంది. గట్టు మీద కొమురవ్వ కాళ్లు చాపుకుని కూర్చుంది.

"బావా, వచ్చినవా! గీ ఇద్దరే ఆ పార్టీలు!" నరేశ్ కళ్లద్దాలు సర్దుకుంటూ అరిచాడు.

"బావనా? గాయన మా సార్!" మెడలో ఎర్ర తువ్వాలతో సాంబన్న నడుము పట్టుకుని లేచాడు.

"మీ సారేంది? నన్ను వెట్టుకున్న సారే గాయన!" అన్నాడు యేసోబు.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ముగ్గురూ కలిసి నా మొహం చూశారు. ఆ చూపులు నేను ఈ జన్మలో మరచిపోలేను.

కొమురవ్వ పగలబడి నవ్వింది. "నాకు రెండో దినమే ఎరుకైంది కొడుకా. ముగ్గురు ఫోన్లు వట్టుకొని గా చెట్టు కిందికే పోతరు. మూడు ఫోన్లలకెంచి ఒక్కటే గొంతు! అది గొంతా, మైకా? అవుతలి చేనోళ్లు గూడ ఇన్నరు."

ఎనిమిదేళ్లు ఎక్కాలు చెప్పిన గొంతు మరి. సిగ్గు దిగమింగుకుని సంచీ తెరిచాను. "అయ్యిందేదో అయ్యింది అవ్వా. భూమి ముచ్చట ఖాయం జేస్తనన్నవట..."

"చేసిన. భూమి అమ్మేది లేదు."

"అవ్వా! అమ్ముతనన్నవ్ గదా!"

"అవ్, అమ్ముతనన్న. ఎందుకన్న? మా ముసలాయన వోయినంక చేసేటోళ్లు దొరుకుతలేరు. కూలోళ్ల ఇండ్ల సుట్టు తిరిగి నా మోకాళ్లు అరిగినయ్. ఏడ్సుకుంటనే అమ్ముత అన్న. ఇప్పుడు పెంట తోలెటోడున్నడు, మోటరు జేసెటోడున్నడు, దవాఖానకు తీస్కపోయెటోడున్నడు. ఇంత మంచి మనుషులను దొరకవట్టినవ్. నీ కడుపు సల్లగుండ, ఇగ భూమెందుకు అమ్ముత?"

వాళ్లాయన చేతులతో బాగుచేసిన నేల అట. ఆ మాట చెప్తూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు కోపం రావాలి, రాలేదు. ఏడుపు వచ్చింది, అది కూడా ఆమె కోసమే అనుకుంటాను.

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "గీ తెల్లంగి సారుకు ఏం పని వస్తది?"

"లెక్కలొస్తయ్ అవ్వా," అన్నాడు నరేశ్.

"లెక్కలేం జేసుకుంట? గా గింజల సంచి వట్టుమను."

పట్టాను. పొద్దుగూకేదాకా నలుగురం గింజలు పెట్టాం. అవ్వ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మూడు రోజుల తర్వాత బడికి వెళ్లాను, రాజీనామా చింపేశాను.

అందుచేత, పంచభూతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఈ జన్మలో టీమ్ కట్టను. కట్టవలసి వస్తే మొదటి రోజే అందరినీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి, ఒకరి పేరు ఒకరికి చెప్పి, చాయ్ తాగిస్తాను. ఫోన్లో గుసగుసగా మాట్లాడతాను. ఇది నా మాట.

ఈ ప్రతిజ్ఞ సంగతి కొమురవ్వకు మాత్రం ఎవరూ చెప్పకండి. టీమ్ రద్దయిందనుకుని కంగారుపడుతుంది, ఆదివారం మా నలుగురికీ అక్కడ కలుపు పనుంది.